వెయ్యి కీచురాళ్లు, వారంలో సగం పోయాయి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ (ఒక రకం బల్లి) కోసం, చవకగా వస్తాయని 1000 కీచురాళ్లు ఒకేసారి తెప్పించాం. వారంలో సగం చచ్చిపోయాయి, గరాజ్ అంతా వాసన. ఇంట్లోనే పెంచుకోవచ్చా?

జవాబు: పెంచుకోవచ్చమ్మా, టెన్షన్ పడకండి. నా మొదటి పెట్టె కూడా ఇలాగే పోయింది. ఇరుకు, తడి, ఈ రెండే వాటిని ఎక్కువగా చంపుతాయి. మిగిలినవాటిని పెద్ద ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చండి. మూతకు ఇనుప జాలీ వేయండి, ప్లాస్టిక్ జాలీని కొరికేస్తాయి. గుడ్ల అట్టలు నిలువుగా పేర్చండి. నీళ్ల గిన్నె వద్దు, మునిగి చస్తాయి. క్యారెట్ ముక్కలు చాలు. చచ్చినవాటిని ప్రతిరోజూ తీసేయాలి. వాసన ఎక్కువగా వచ్చేది వాటి నుంచే.

ఇక పెంపకానికైతే నేను డూబియా బొద్దింకలనే చెబుతాను. బొద్దింకలా అని అసహ్యించుకోకండి! అవి అరవవు, నున్నని ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, వాసన చాలా తక్కువ. తల్లి ఒక్కో విడతలో 20–30 పిల్లల్ని పెడుతుంది. కానీ టబ్‌లో 30 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి ఉండాలి, పిల్లలు ఎదగడానికి నెలలు పడుతుంది. అందుకే మొదటి ఆరు నెలలూ పొట్టి మొండి రెక్కలుండే పెద్ద ఆడవాటిని మేతకు తీయొద్దు. అప్పటిదాకా కీచురాళ్లు కొంటూనే ఉండండి, ఈసారి 250 చొప్పున.

డ్రాగన్ రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగు పెట్టకండి. పెట్టేముందు కాల్షియం పొడి అద్దండి. వంటింట్లో పట్టుకున్న బొద్దింకను మాత్రం ఎప్పుడూ వేయకండి, దాని ఒంట్లో పురుగుల మందు ఉండొచ్చు.