టెక్ సందేహాలు: ఆరు వందల మందికి ఫామ్ పంపితే నింపింది 41 మందే!

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఎంబీఏ చేస్తున్నాను. పీజీల్లో ఉండేవాళ్ల తిండి ఖర్చు మీద గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. అందరూ కలిపి ఆరు వందల మంది ఉంటారు, నింపింది 41 మందే. గైడేమో వంద కావాలంటున్నారు, ఫ్రెండ్సేమో మిగతావి ఏఐతో నింపేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏఐతో నింపితే అది సర్వే కాదండీ, దొంగ లెక్క. ఆ మాట వదిలేయండి.

ముందు మీ లింకును ఇన్‌కాగ్నిటోలో (మీ గూగుల్ ఖాతా లాగిన్ లేకుండా తెరుచుకునే బ్రౌజర్ విండో) తెరిచి చూడండి. సైన్ ఇన్ అడుగుతోందంటే, ఒక్కరికి ఒక్క జవాబే అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండి ఉంటుంది, చాలామంది అక్కడే వెనక్కి వెళ్లిపోతారు. (ఆ సెట్టింగ్ తీసేస్తే ఒకరే రెండుసార్లు నింపే వీలుంది, అయినా మీ సర్వేకి ఆ రిస్కు ఫర్వాలేదు.) కాలేజీ మెయిల్‌తో ఫామ్ చేసుంటే బయటివాళ్లకు అసలు తెరుచుకోకపోవచ్చు, అదీ చూసుకోండి. ఇక మీ ఫామ్‌లో ఏడు వరసలు, ఐదు గడుల పట్టికలాంటి గ్రిడ్ ప్రశ్న ఉంటే, అది లాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తుంది గానీ ఫోన్లో పక్కకి జరుపుకుంటూ నింపాలి, పైగా ప్రతి వరసా తప్పనిసరి అని పెడితే ఇక ఎవరు నింపుతారు చెప్పండి? విడి ప్రశ్నలుగా మార్చండి. జీతం ప్రశ్న ఉంటే చివర్లో పెట్టండి.

అసలు సంగతి వేరే ఉంది. 1936 అమెరికా ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసేసింది. తీరా అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్టే 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం ఒక కారణం, తిరిగి రాసినవాళ్లకూ రాయనివాళ్లకూ అభిప్రాయాల్లో తేడా ఉండటం ఇంకోటి. మీ దగ్గరా అంతే, రాత్రి పదకొండింటికి షిఫ్ట్ ముగించుకొచ్చి బయట తినేవాళ్లు మీ ఫామ్ నింపారా, లేదా? వాళ్లు లేకపోతే వంద వచ్చినా ఖర్చు లెక్క తప్పే.

అందుకని గ్రూపులు ఆపి, నాలుగైదు పీజీలు ఎంచుకుని, వార్డెన్‌ని అడిగి, ఒక్కొక్కరికి విడిగా పంపండి. నాలుగు రోజులాగి ఒక రిమైండర్, చాలు. రిమైండర్ తర్వాత వచ్చిన జవాబుల్ని ముందువాటితో పోల్చండి, బాగా తేడా ఉంటే రిపోర్టులో ఆ మాటే రాయండి. ఎంతమందికి పంపారో, ఎంతమంది నింపారో కూడా రాస్తే, గైడ్ వందకి తక్కువైనా ఒప్పుకోవచ్చు, అడిగి చూడండి.