ఆయనకు కట్టడాలు, నాకు బొమ్మలు: ఫ్లోరెన్స్‌లో ఒక్క రోజు

ప్రశ్న: మావారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. నేను ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరుగా చేశాను. మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు అక్టోబరులో వెళ్తున్నాం. వాడికి సెలవు దొరకదు కాబట్టి ఒక రోజు మేమిద్దరమే రైలెక్కి ఫ్లోరెన్స్ చూసి రాత్రికి తిరిగి రావాలనుకుంటున్నాం. ఆయనకు కట్టడాలంటే ప్రాణం, బొమ్మ ముందు ఐదు నిమిషాలు నిలబడరు. నేను బొమ్మల కోసమే బయలుదేరుతున్నాను. ఎవరి దారిన వాళ్లం తిరిగి సాయంత్రం స్టేషన్లో కలుసుకుందామని ఆయన అంటున్నారు. అలా చేయమంటారా? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఇద్దరం శాకాహారులం.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దమ్మా, విడిపోకండి. వేరే ఏ ఊరైనా మీవారి మాటే సబబని చెప్పేవాణ్ణి. ఫ్లోరెన్స్‌లో మాత్రం బొమ్మ గీసినవాళ్లనూ గోడ కట్టినవాళ్లనూ విడదీసి చూస్తే ఇద్దరికీ సగం కథే మిగులుతుంది. ఎందుకంటే బొమ్మలో లోతు చూపించే పర్‌స్పెక్టివ్ పద్ధతిని ఆ ఊళ్లో మొదట చేసి చూపించినవాడు చిత్రకారుడు కాదు. ఆ ఊరి పెద్ద గుమ్మటాన్ని కట్టిన బ్రునెలెస్కి. మీ రోజంతా ఆ ఒక్క మనిషి వెంట నడిచేలా వేసుకోండి.

మిలాన్ నుంచి వేగంగా వెళ్లే రైళ్లు రెండు గంటలలోపే ఫ్లోరెన్స్‌లో దింపుతాయి. మీరు దిగే స్టేషను పేరూ, దాని ఎదుటి చర్చి పేరూ ఒకటే, శాంతా మరియా నొవెల్లా. చాలామంది ఆ చర్చికి వీపు చూపించి నేరుగా ఆ గుమ్మటమున్న ప్రధాన చర్చి దువోమో వైపు పరుగెత్తుతారు. మీరు అక్కడే మొదలుపెట్టండి. పాలరాతి ముఖభాగాన్ని వాస్తుశిల్పి అల్బెర్తి పూర్తి చేశాడు, దానికి డబ్బిచ్చినవాడు రుచెల్లాయ్ అనే వ్యాపారి. పైన అడ్డంగా సాగిన పెద్ద అక్షరాల్లో ఉన్నది ఏ బైబిలు వాక్యమో అనుకునేరు, అది దాత పేరూ 1470 అనే సంవత్సరమూ! మన గుళ్లలో ఫ్యాను రెక్క మీద దాత పేరు రాయించడం చూసి నవ్వుకునే మనకు ఈ దృశ్యం కొంత ఊరట.

లోపలికి వెళ్లాక ఎడమ గోడ మీద మసాచ్చో వేసిన త్రిత్వ (తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ) చిత్రం ఉంటుంది. తడి గచ్చు మీద 1427 ప్రాంతంలో వేసిన ఈ ఫ్రెస్కోలో గోడను తొలిచి లోపల ఒక చిన్న గుడి కట్టినట్టు కనబడుతుంది. గళ్లు గళ్లుగా వెనక్కు సాగిపోయే ఆ కమాను పైకప్పును మీవారిని కొలవమనండి. ఆ కప్పు గీతలన్నీ కిందికి దిగివచ్చి సిలువ పాదం దగ్గర, ఇంచుమించు చూసేవాడి కంటి ఎత్తులో, ఒక్క బిందువులో కలుస్తాయి. మీరు పిల్లలకు బోర్డు మీద రైలు పట్టాలు గీసి నేర్పిన పాఠమే ఇది. కమానుకు బయట అటొకరు ఇటొకరు మోకరిల్లినవారు ఈ చిత్రం వేయించిన భార్యాభర్తలని భావిస్తారు. అడుగున పడుకోబెట్టిన అస్థిపంజరం మీద, ఒకప్పుడు నేనూ మీలాంటివాణ్ణే, రేపు మీరూ నాలాగే అవుతారన్న అర్థం వచ్చే మాటలున్నాయి. దీన్ని వేసినవాడు ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే 1428లో పోయాడు. గోడకు కన్నం పడినట్టుందని ఈ చిత్రాన్ని మెచ్చుకున్న చిత్రకారుడు, వాస్తుశిల్పి వసారియే తర్వాత చర్చికి మార్పులు చేస్తూ దీనికి అడ్డంగా ఒక బలిపీఠం నిలబెట్టాడు. అది మళ్లీ వెలుగు చూసింది 19వ శతాబ్దంలోనే. అయినా వసారి దీన్ని చెరిపించకుండా దాచాడు కదా, ఆ మేరకు ఆయనను క్షమించవచ్చు.

అక్కడి నుంచి పది నిమిషాల నడకలో దువోమో వస్తుంది. ముఖద్వారం ఎదుట నిలబడి వీపు చర్చికి పెట్టి, ఎదురుగా ఉన్న ఎనిమిది పలకల బాప్టిస్టరీని, అంటే బాప్తిస్మమిచ్చే మందిరాన్ని, చూడండి. బ్రునెలెస్కి సరిగ్గా ఈ ద్వారంలోనే నిలబడి ఆ భవనాన్ని ఒక చిన్న చెక్కపలక మీద గీశాడని ఆయన జీవితచరిత్ర రాసిన మనెత్తి చెబుతాడు. పలకకు ఒక చిన్న రంధ్రం పెట్టి, దాని వెనకనుంచి కన్ను ఆనించి, రెండో చేత్తో అద్దం ఎదురుగా పట్టుకుని చూడమనేవాడట. అద్దంలో కనిపించే బొమ్మకూ ఎదురుగా ఉన్న భవనానికీ తేడా తెలిసేది కాదట. ఆకాశం ఉండవలసిన చోట రంగు వేయకుండా మెరుగుపెట్టిన వెండి అతికాడు కాబట్టి నిజమైన మబ్బులే ఆ బొమ్మలో కదిలేవి. పలక ఎప్పుడో పోయింది, ఆ చోటు మాత్రం అలాగే ఉంది.

ఆ బాప్టిస్టరీ తలుపులే బ్రునెలెస్కికి తొలి ఓటమి. 1401లో కంచు తలుపులకు పోటీ పెట్టారు. అబ్రాహాము కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టాన్ని ఒక్కొక్కరూ ఒక పలకగా పోత పోయాలి. గిబెర్తి అనే శిల్పి గెలిచాడు. ఓడిన బ్రునెలెస్కి రోముకు వెళ్లి శిథిలాలను కొలుస్తూ గడిపాడని మనెత్తియే రాశాడు. ఆ రెండు పలకలూ ఇప్పుడు బర్జెల్లో మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాయి. గిబెర్తిది చాలావరకు ఒకే పోత, కంచు కూడా తక్కువ పట్టింది. బ్రునెలెస్కి దానిలో విడివిడిగా పోసిన ముక్కలను అతికారు, కానీ తండ్రి కత్తినీ దేవదూత చేతినీ చూస్తే గుండె ఆగుతుంది. న్యాయనిర్ణేతల తీర్పు సరైనదేనా అని మీరిద్దరూ అక్కడే నిలబడి వాదించుకోండి. నేను ఓడినవాడి పక్షం, మా ఆవిడ గిబెర్తి పక్షం.

ఇక గుమ్మటం. 1296లో మొదలైన చర్చికి గోడలు లేచాయి గాని, సుమారు 45 మీటర్ల వెడల్పున్న ఎనిమిది పలకల ఖాళీని ఎలా మూయాలో ఎవరికీ తెలియలేదు. అంత వెడల్పుకు కింద నుంచి సెంట్రింగు కట్టాలంటే కావలసిన కలపను ఊహించడమే కష్టం. బ్రునెలెస్కి అసలు ఆ సెంట్రింగే లేకుండా కడతానన్నాడు. లోపల ఒకటి, బయట ఒకటి రెండు పెంకులుగా లేపి, మధ్య ఖాళీలో మెట్లు పెట్టాడు. పై వరుస ఇటుకలు తడి సున్నం మీద లోపలికి జారిపోకుండా, మధ్యమధ్య ఇటుకలను నిలువుగా నిలిపి చేపముల్లు తీరులో పేర్చాడు. ఏ వరుసకు ఆ వరుస చుట్టూ కలిసిపోగానే అది తన బరువును తానే మోసే వలయమవుతుంది. గుమ్మటం బయటికి విచ్చుకోకుండా పీపాకు పట్టాలు బిగించినట్టు రాతి గొలుసులూ ఒక చెక్క గొలుసూ చుట్టాడు. 1420లో మొదలైన పని 1436లో ముగిసింది. బరువులెత్తడానికి ఎద్దులు తిప్పే యంత్రమొకటి తయారుచేశాడు. ఎద్దులను విప్పి వెనక్కు తిప్పి కట్టే పని లేకుండా, పళ్లచక్రాన్ని మార్చి బరువును పైకీ కిందికీ నడిపేవాడు. ధవళేశ్వరం ఆనకట్టను చూస్తూ ఉద్యోగం చేసిన మనిషికి ఇంతకు మించి నేను చెప్పనక్కర్లేదు.

మోకాళ్ల సంగతి రాశారు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను, మీవారిని గుమ్మటం ఎక్కనివ్వకండి. 463 మెట్లు, లిఫ్టు లేదు, సగంలో మనసు మారినా ఇరుకు దారిలో వెనక్కు తిరగడం కష్టం. పక్కనున్న జొత్తో గంటస్తంభానికీ 414 మెట్లు. బదులుగా దువోమో వెనకనున్న మ్యూజియానికి వెళ్లండి. గుమ్మటం కట్టడంలో వాడిన కప్పీలు, పనిముట్లు, చెక్క నమూనాలు అక్కడ భద్రపరిచారు. గిబెర్తి తర్వాతి కాలంలో అదే బాప్టిస్టరీకి 27 ఏళ్లు శ్రమించి 1452లో ముగించిన స్వర్గద్వారాల అసలు తలుపులూ అక్కడే ఉన్నాయి, బయట జనం ఫొటోలు తీసుకునేవి నకళ్లు. ఆ తలుపుల మీది పది పలకల్లో వెనక్కు సాగే మండపాలను చూస్తే, గెలిచినవాడు ఓడినవాడి దగ్గర ఎంత నేర్చుకున్నాడో మీకు తెలిసిపోతుంది.

మధ్యాహ్న భోజనానికి రిబొల్లీతా అడగండి. చిక్కుడు గింజలు, ఆకుకూర, నిన్నటి రొట్టె కలిపి మళ్లీ ఉడికించే పులుసు అది. మాంసపు రసం పోయలేదు కదా అని ఒకమాట అడిగి తీసుకోండి. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, వంటవాడు మరిచిపోయాడనుకోవద్దు.

ఆ తర్వాత ఉఫీజీ చిత్రశాల. ఆ మాటకు అర్థమే ఆఫీసులు. పాలకుడైన మొదటి కోసిమో తన ప్రభుత్వ కార్యాలయాల కోసం 1560లో వసారి చేత మొదలుపెట్టించిన భవనం ఇది. రెండు వైపులా ఒకే తీరుగా సాగి నది దగ్గర కమానుతో ముగిసే ఆ పొడుగాటి వీధి లాంటి ఆవరణ, మీరు పొద్దున గోడ మీద చూసిన గీతల్నే రాతితో కట్టినట్టుంటుంది. లోపల అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడరు. ఉచ్చెల్లో వేసిన యుద్ధచిత్రంలో నేల మీద విరిగిపడ్డ ఈటెలు కూడా బుద్ధిగా దూరపు బిందువు వైపే పడి ఉండటం చూసి నవ్వుకోండి. లియొనార్దో పడుచువయసులో వేసిన దేవదూత వార్తా చిత్రంలో మరియ కుడిచెయ్యి మరీ పొడుగైందని అంటారు. చిత్రానికి కుడివైపుకు జరిగి మళ్లీ చూడండి. పియెరో దెల్లా ఫ్రాన్చెస్కా వేసిన ఉర్బీనో ప్రభువు, ఆయన భార్య ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకుంటుంటారు. ఈటెల పోటీలో కుడికన్ను పోగొట్టుకున్న ప్రభువు మనకు ఎడమవైపే చూపిస్తాడు. ఆమె 1472లోనే చనిపోయింది, చిత్రం ఆ తర్వాతదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. బోత్తిచెల్లి వీనస్ ముందు మాత్రం ఈ పర్‌స్పెక్టివ్ గొడవంతా మరిచిపోండి, ఆయనే దాన్ని పెద్దగా లెక్కచేయలేదు.

మరి మైకెలాంజెలో చెక్కిన దావీదు విగ్రహం సంగతేమిటని అడుగుతారు. అది వేరే మ్యూజియంలో ఉంది, మళ్లీ వరుసలో నిలబడాలి. ఒక్క రోజులో నేనైతే వదిలేస్తాను. అది 1873 దాకా నిలబడిన కూడలిలో ఇప్పుడున్న నకలు మీ దారిలోనే కనిపిస్తుంది. సోమవారం ఉఫీజీకి సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, అందుకే అడుగు పెట్టలేనంత రద్దీ. బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకుని, ఉఫీజీ టికెట్టును వేళతో సహా ముందే తీసుకోండి, బర్జెల్లో వేళలూ ఆ రోజుకు సరిచూసుకోండి. నేలంతా రాతి పలకలు, చీర మీదకు బాగుంటాయా అని చూడకుండా మెత్తని బూట్లే వేసుకోండి.

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లో ఒక భారతీయ రాజు స్మారకం ఉందని ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: నిజమే. కొల్హాపూరు మహారాజు రెండవ రాజారాం ఇంగ్లండు పర్యటన నుంచి తిరిగివస్తూ 1870 నవంబరు 30న ఫ్లోరెన్స్‌లో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్లు. దహనసంస్కారం అలవాటు లేని ఆ ఊళ్లో ప్రత్యేక అనుమతి తీసుకుని, ఆర్నో నదిలో ముగ్నోనె అనే చిన్న ఏరు కలిసే చోట హిందూ పద్ధతిలో చితి పేర్చారు. నదుల సంగమం కోసం వెతికినవారి మనసు మనకు అర్థమవుతుంది. 1874లో అక్కడ మన ఛత్రి పద్ధతిలో మండపం కట్టి, రంగులు వేసిన ఆయన అర్ధవిగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఇప్పుడది కషీనె అనే పెద్ద పార్కుకు పడమటి కొసన ఉంది. దాని పక్కన 1970లలో ఆర్నో మీద కట్టిన వంతెనను ఊరివాళ్లు భారతీయుడి వంతెన అనే పిలుస్తారు. ఊరి నడిబొడ్డు నుంచి మూడు కిలోమీటర్లు దాటి నడవాలి. పై ఉత్తరం రాసిన దంపతులకు ఆ ఒక్క రోజులో ఇది కుదరదు, రెండు రోజులుండేవారు మాత్రం సాయంత్రం ఎండ తగ్గాక నది గట్టు వెంట నడుస్తూ వెళ్లవచ్చు.