క్యాలెండర్‌లో పేరు లేకపోతే పునీతులు కాకుండా పోతారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే తీగకు కాసిన కాయల్లా ఉన్నాయి, అన్నీ మన క్యాథలిక్ క్యాలెండర్లో పునీతుల (సెయింట్ల) పండుగల గురించే. విడివిడిగా జవాబు రాస్తే చెప్పిందే నాలుగుసార్లు చెప్పాలి, అందుకని నాలుగూ ఒక్కచోటే వేస్తున్నాను. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు. కోప్పడకండి.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మమ్మ పేరు ఫిలోమినమ్మ. పోయిన ఏడాది ఆవిడ కాలం చేసింది. మా పాపకు ఆ పేరే పెట్టి జ్ఞానస్నానం ఇప్పిద్దామనుకున్నాం. మా ఆడపడుచు ఎక్కడో వీడియో చూసి, "ఆవిడ అసలు పునీతురాలే కాదంట వదినా, పోపుగారు ఎప్పుడో కొట్టేశారంట, ఆ పేరు వద్దు" అంటోంది. మా అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. పేరు మార్చెయ్యమంటారా? (ఒక సోదరి, బొబ్బిలి)

జవాబు: మార్చకండమ్మా. ముందు వెళ్ళి అమ్మగారికి ఈ ముక్క చెప్పి అన్నం పెట్టండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీ ఆడపడుచు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, అలాగని ఆమె విన్నది పూర్తిగా నిజమూ కాదు. 1802 మే నెలలో రోములో ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో తవ్వుతుంటే ఒక సమాధి బయటపడింది. దానికి మూతగా మూడు మట్టి పలకలు. వాటి మీద లాటిన్‌లో వరసగా "లుమెనా", "పాక్స్ తే", "కుమ్ ఫి" అని ఉంది. అలా చదివితే ఏమీ అర్థం కాదు. మొదటి పలకను తీసుకెళ్ళి చివర పెట్టి చూస్తే "పాక్స్ తేకుమ్ ఫిలుమెనా", అంటే "ఫిలుమెనా, నీకు శాంతి" అని వచ్చింది. లోపల ఉన్నవి చిన్న వయసు ఆడపిల్ల ఎముకలు. అంతే. చరిత్ర మన చేతికిచ్చింది ఆ మూడు పలకలూ, ఆ ఎముకలూ మాత్రమే.

1805లో ఆ ఎముకల్ని నేపుల్స్ దగ్గర ముగ్నానో అనే ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ స్వస్థతలు జరుగుతున్నాయని కబురు పాకింది. ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెలో విచారణ గురువుగా, అంటే ఆ ఊరి గుడి ఫాదర్‌గా ఉన్న జాన్ మరియ వియాన్నీ గారు, తన దగ్గరికొచ్చిన రోగులకు నయమైతే ఆ గొప్ప తనది కాదని ఫిలోమినమ్మ ఖాతాలో వేసేసేవారు. 1837లో 16వ గ్రెగోరీ పోపుగారి కాలంలో ఆమె పేర పూజ చెప్పుకోవడానికి అనుమతి వచ్చింది, కొన్ని చోట్ల మాత్రమే. ఆమె రాకుమార్తె అనీ, చక్రవర్తిని పెళ్ళాడనంటే చంపించాడనీ మనవాళ్ళు చెప్పుకునే కథ ఒక కన్యస్త్రీకి కలిగిన దర్శనాల నుంచి వచ్చింది, పాత రికార్డుల్లో ఎక్కడా లేదు. తర్వాత పురావస్తు పండితులు ఇంకో అనుమానం లేవదీశారు. పలకలు అంత తారుమారుగా ఉన్నాయంటే అవి వేరే పాత సమాధివేమో, ఈ పిల్ల సమాధికి మళ్ళీ వాడేశారేమో అని.

ఆ తర్వాత 1961 ఫిబ్రవరి 14న రోము నుంచి ఆదేశం వచ్చింది, ఏ క్యాలెండర్‌లోనూ ఆమె పండుగ వేయవద్దని. అంతవరకే వచ్చింది. ఆమె లేదనీ, ఆమెను వేడుకుంటే తప్పనీ ఎవరూ అనలేదు. ముగ్నానో గుడి ఈ రోజుకీ ఉంది, జనం వెళ్తూనే ఉన్నారు.

ఇక జ్ఞానస్నానం సంగతి. పాత చట్టంలో క్రైస్తవ పేరే పెట్టాలని, కుదరకపోతే పెట్టిన పేరుకు పునీతుల పేరొకటి చేర్చాలని ఉండేది గానీ, 1983లో వచ్చిన తిరుసభ (క్యాథలిక్ సంఘం) చట్టం 855వ సూత్రం క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు పెట్టకుండా చూసుకోండి అని మాత్రమే అంటుంది. గ్రీకులో ఆ పేరుకు ప్రేమకు పాత్రురాలు అని అర్థం. పసిపిల్లకు అంతకంటే మంచి పేరు ఏముంటుంది చెప్పండి? అదీగాక మీరు పెడుతున్నది ఆ పలకల మీది పేరు కాదు, మీ అమ్మమ్మ పేరు.

ప్రశ్న: మా నాన్న లారీ డ్రైవర్. డాష్‌బోర్డు మీద క్రిస్టఫర్ గారి బొమ్మ లేనిదే బండి తీసేవాడు కాదు. ఆ బొమ్మే ఇప్పుడు నా ఆటోలో ఉంది. మా చర్చి కుర్రాళ్ళు "ఏటన్నా, ఆయన్ని ఎప్పుడో తీసేశారు, నువ్వింకా మోస్తున్నావా" అని ఎక్కిరిస్తున్నారు. ఇందులో నిజమెంత? (ఒక ఆటో డ్రైవర్, ఆమదాలవలస)

జవాబు: తమ్ముడూ, మోసింది ఆయన, మనం కాదు. చిన్నబిడ్డను భుజాన ఎత్తుకుని ఏరు దాటిస్తుంటే అడుగడుక్కీ బరువు పెరిగిపోయిందనీ, ఒడ్డుకు చేరాక ఆ బిడ్డ క్రీస్తు అని తెలిసిందనీ కథ. క్రిస్టఫర్ అంటేనే క్రీస్తును మోసినవాడు. ఏరు దాటించిన కథకు చరిత్ర సాక్ష్యం లేదు, ఒప్పుకోవాలి. కానీ ఆ పేరుతో ఒక హతసాక్షిని (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాణ్ణి) జనం చాలా పూర్వం నుంచే గౌరవించారు. ఇప్పటి టర్కీలో ఉన్న కాల్సెడాన్ ప్రాంతంలో 5వ శతాబ్దంలోనే ఆయన పేర గుడి కట్టారు.

మరి 1969లో జరిగిందేమిటి? ఇక్కడ రెండు పుస్తకాలున్నాయి, గొడవంతా ఆ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది. ఒకటి హతసాక్షులూ పునీతుల పేర్లన్నీ తేదీలవారీగా ఉండే పెద్ద చిట్టా, అందులో వేలమంది ఉంటారు. రెండోది ప్రపంచమంతా రోమను పద్ధతిలో పూజ చెప్పే ప్రతి గుడిలో ఏ రోజు ఎవరి పండుగ చెయ్యాలో చెప్పే సాధారణ క్యాలెండర్. ఏడాదికి ఉన్నవి 365 రోజులే కదా. శతాబ్దాల తరబడి పేర్లు చేరి చేరి, చివరికి ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలపు రోజులూ కొన్నిసార్లు ఆదివారాలూ కూడా పునీతుల పండుగల కింద నలిగిపోయాయి. అందుకే 1963లో ప్రపంచ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ, అందరికీ సంబంధించిన పునీతులనే అందరి క్యాలెండర్‌లో ఉంచి, మిగతావాళ్ళను ఆయా దేశాలకూ ఊళ్ళకూ మఠాలకూ వదిలెయ్యమంది. దాని ప్రకారం 6వ పౌలు పోపుగారు 1969 ఫిబ్రవరి 14న కొత్త క్యాలెండర్‌ను ఆమోదించారు, 1970 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. (1961లోనూ ఫిబ్రవరి 14వ తేదీనే అని గమనించారా! పునీతులకు ఆ తేదీ అచ్చిరాలేదేమో.)

క్రిస్టఫర్ గారు రోము క్యాలెండర్‌లోకి వచ్చిందే 1550 ప్రాంతంలో. పైగా ఆయన రోజు జూలై 25, అదే రోజు అపోస్తలుడు యాకోబు పండుగ. ఇరుకు ఇంట్లో చుట్టం మంచం మీద ఇంకో చుట్టాన్ని పడుకోబెట్టినట్టే. అందుకని ఆయన పండుగను స్థానిక క్యాలెండర్లకు వదిలేశారు. పెద్ద చిట్టాలో మాత్రం జూలై 25న ఆయన పేరు ఇప్పటికీ ఉంది, ఈ శతాబ్దంలో అచ్చువేసిన ప్రతిలో కూడా.

మనూరి లెక్కలో చెప్పనా? దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది, ఆ రోజు ఊళ్ళో ఇసకేస్తే రాలదు, బడులకు సెలవు. అదే రోజు గుంటూరులో పిల్లలు మామూలుగా బడికి పోతారు. గుంటూరులో సెలవు లేదు కాబట్టి సిరిమానోత్సవం రద్దయిందని ఎవరైనా అంటే ఏమంటాం? క్రిస్టఫర్ గారి సంగతీ అంతే.

ఆ మాట అప్పట్లో ఎవరూ జనానికి ఇంత సూటిగా చెప్పలేదు, నా బాధ అదొక్కటే. పేపర్ల వాళ్ళు "పునీతుల్ని తీసేశారు" అని రాశారు, లాటిన్‌లో ఉన్న వివరణ లాటిన్‌లోనే ఉండిపోయింది, లాకెట్టు మెడలో వేసుకున్న డ్రైవర్ మాత్రం తన దేవుడి మనిషిని ఎవరో దొంగను చేసినట్టు బాధపడ్డాడు. చేసిన పని సరైనదే అని నేననుకుంటాను. చెప్పిన తీరే బాగాలేదు.

పైగా తీసెయ్యడం ఒక్కటే కాదు, చేర్చడమూ జరిగింది. పాత క్యాలెండర్‌లో రోమూ ఇటలీ చుట్టుపక్కల వాళ్ళే ఎక్కువ. 1969లో ఉగాండా హతసాక్షులు చార్లెస్ ల్వంగా బృందం, జపాన్ హతసాక్షులు పాల్ మికి బృందం, పెరూ దేశపు మార్టిన్ ది పోరస్ చేరారు. తీసేసిన వాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు, అలెగ్జాండ్రియా కేథరీనమ్మను 2002లో నవంబరు 25న మళ్ళీ పెట్టారు. మన కలకత్తా మదర్ తెరెసా గారికి సెప్టెంబరు 5న అందరి క్యాలెండర్‌లో చోటిస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు.

బొమ్మ ఉంచుకో తమ్ముడూ. హారన్ కాస్త తక్కువ కొట్టు, వేగం తగ్గించు, ఆయన పనిభారం తగ్గుతుంది.

ప్రశ్న: వాలెంటైన్ కూడా ఔటేనా? మా కాలేజీలో పందెం కట్టాం. (డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: పెద్ద చిట్టాలో ఫిబ్రవరి 14న ఉన్నారు. సాధారణ క్యాలెండర్‌లో మాత్రం ఆ రోజు స్లావు జాతులకు సువార్త చెప్పిన సిరిల్, మెతోడియస్ అన్నదమ్ములది, ఎందుకంటే సిరిల్ గారు 869లో ఆ తేదీనే రోములో చనిపోయారు. పందెం ఎవరు గెలిచారో మీరే తేల్చుకోండి. గులాబీలు అమ్మేవాళ్ళకు ఈ సంగతితో పనిలేదు.

ప్రశ్న: నాకు 78 ఏళ్ళు. మా చిన్నప్పుడు అర్చ్యశిష్ట ఫ్రాన్సిస్ డి సేల్స్ గారి పండుగ జనవరి 29న. తర్వాత 24 చేసేశారు. తోమాసుగారి పండుగ డిసెంబరులో ఉండేది, జూలైకి పోయింది. తీసెయ్యడం వేరు, ఉన్నవాళ్ళ తేదీలు కదపడం ఎందుకు? నాకు 29 అంటేనే పండుగలా ఉంటుంది. (విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం)

జవాబు: మాస్టారూ, "అర్చ్యశిష్ట" అన్న మాట విని ఎన్నాళ్ళయింది! మా తాతగారి ప్రార్థన పుస్తకంలో అట్ట చిరిగిన పేజీ మీద చూశాను, ఆ తర్వాత ఇదిగో మీ ఉత్తరంలో. ఇప్పుడందరం పునీత అంటున్నాం.

పునీతులు చనిపోయిన రోజే వాళ్ళకు పరలోకంలో పుట్టినరోజు, కాబట్టి వీలైనంతవరకు ఆ తేదీనే పండుగ చెయ్యాలన్నది 1969లో పెట్టుకున్న నియమం. ఫ్రాన్సిస్ గారు 1622 డిసెంబరు 28న లియోన్‌లో చనిపోయారు. ఆ రోజు హేరోదు చంపించిన పసిబిడ్డల పండుగ, క్రిస్మస్ వారం, ఖాళీ లేదు. అందుకని ఆయన్ని అన్నెసీలో సమాధి చేసిన 1623 జనవరి 24ను తీసుకున్నారు. తోమాసుగారి డిసెంబరు 21 క్రిస్మస్‌కు ముందు చివరి వారంలో పడేది, దాన్ని జూలై 3కు జరిపారు. కేరళ సిరియను క్రైస్తవులకు అది ఎప్పటినుంచో తోమాసుగారి రోజే, ఈ విషయంలో రోము వాళ్ళే మన దేశం దారికి వచ్చారు.

ఫ్రాన్సిస్ గారంటే మన ప్రాంతానికి పరాయివారు కాదు. ఆయన పేరు పెట్టుకున్న సభ మిషనరీలు అన్నెసీ నుంచి బయలుదేరి 1846లో విశాఖపట్నంలో దిగారు. మన శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ గారి పరిధి) 1993లో విడిపోయింది ఆ విశాఖ నుంచే. పత్రికలవాళ్ళకు పాలక పునీతుడు కూడా ఆయనే, అందుకని ఈ శీర్షిక రాసే ప్రతిసారీ నేను ఆయన్ని కాస్త భయంగానే తలుచుకుంటాను.

ఇక మీ 29 సంగతి. తేదీ మారింది గానీ దారి మూసుకుపోలేదు. జనవరి 29 ఆదివారం కాకపోతే సాధారణ కాలంలో మామూలు రోజే, అలాంటి రోజున గురువు కోరుకున్న పునీతుల పేర పూజ చెప్పడానికి నియమాలు ఒప్పుకుంటాయి. కొత్త సంవత్సరం రాగానే ఫాదర్‌గారిని కలిసి, 24న అందరితో ఎలాగూ వస్తాను, 29 పొద్దున పూజ కూడా ఆయన పేరనే చెప్పండి అని అడిగి రాయించుకోండి. ఆలస్యం చేస్తే ఆ రోజు ఎవరో ఒకరు తమవాళ్ళ జ్ఞాపకార్థం ముందే రాయించేసుకుంటారు.