పాత వ్యాపార వీధిలో కింద దుకాణాలు, పైన ఇళ్లు రావాలంటే జోనింగ్ నియమాలు ఎలా రాయాలి?

మీ ప్రశ్న ఇది: పట్టణం నడిబొడ్డున ఒకటి రెండంతస్తుల దుకాణాల వరసలున్నాయి, వాటి చోట ఇళ్లూ ఆఫీసులూ కూడా వచ్చేలా జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం కట్టవచ్చో చెప్పే నియమాలు) మార్చాలి, మ్యాప్‌లో ఏ జోన్ చూపాలి, ఎఫ్‌ఏఆర్ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) ఎంత ఇవ్వాలి? ఈ రెండూ చివర్లో తేల్చుకోవాల్సినవి. ముందు ఆ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే స్థలాలు మూడు ఎంచుకోండి: సన్నటి పొడుగు స్థలం ఒకటి, మూలమీద స్థలం ఒకటి, పెద్దది ఒకటి. ముసాయిదా నియమాలన్నీ పాటిస్తూ వాటిమీద ఏం కట్టవచ్చో ఆర్కిటెక్ట్‌తో గీయించండి. వారం పని. ఏ నియమం ఏ నియమాన్ని కొట్టేస్తోందో అక్కడే బయటపడుతుంది.

మొదటి దెబ్బ పార్కింగ్ దగ్గర తగులుతుంది. 20 మీటర్ల ముఖం (వీధి వైపు వెడల్పు), 40 మీటర్ల లోతు ఉన్న స్థలం అనుకోండి. 800 చదరపు మీటర్లు. ఎఫ్‌ఏఆర్ 2.5 ఇస్తే 2,000 చ.మీ. కట్టుకోవచ్చు. ప్రతి 50 చ.మీ.కి ఒక కారు అని రాస్తే 40 కార్లకు చోటు చూపాలి. కారు నిలబడేది 2.5 × 5 మీటర్లలోనే, కానీ అది తిరిగే దారి, స్తంభాలు, ర్యాంపు కలిపితే ఒక్కోదానికి దాదాపు 30 చ.మీ. పడుతుంది. మొత్తం 1,200 చ.మీ., అంటే స్థలానికి ఒకటిన్నర రెట్లు! ఇక రెండో సెల్లార్ తవ్వాలి, లేదా గ్రౌండ్ ఫ్లోర్ కార్లకు వదిలేయాలి. రెండో సెల్లార్ ఖర్చు భరించలేక అందరూ రెండో దారే పడతారు, వీధి పొడుగునా దుకాణాల బదులు బంపర్లు కనిపిస్తాయి. అదే 100 చ.మీ.కి ఒకటి అంటే 20 కార్లు, 600 చ.మీ. ఒక్క సెల్లార్‌లో ఇరుకుగానైనా సర్దుకుంటాయి.

సన్న స్థలాల సంగతి ఇంకా తేలిక లెక్క. కార్లను దారికి అడ్డంగా ఒక వరస నిలపాలంటే కారుకు 5 మీటర్లు, దారికి 6 మీటర్లు, వెరసి 11 మీటర్ల వెడల్పు కావాలి. రెండు వైపులా అయితే 16. సెల్లార్‌కు 3.2 మీటర్లు దిగాలంటే 1:8 వాలులో ర్యాంపే 25.6 మీటర్ల పొడవు. ముఖం 7 మీటర్లున్న స్థలంలో ఇదంతా ఎక్కడ పెడతారు? అలాంటి స్థలాలకు పార్కింగ్ అసలు అడగకండి. "ముఖం 11 మీటర్ల లోపుంటే మినహాయింపు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. కొందరు దీనికి బదులు కనీస స్థల విస్తీర్ణం పెట్టి, పక్కవాళ్లతో కలిపి కట్టుకోమంటారు. కానీ వారసుల మధ్య వాటాలు తేలని స్థలం వరసలో ఒక్కటున్నా ఆ వరసంతా ఆగిపోతుంది.

పెద్ద స్థలాల్లో పార్కింగ్‌ను వాడకాన్ని బట్టి కూడకుండా గంటను బట్టి కూడండి. ఆఫీసులకు 60, దుకాణాలకు 40, ఇళ్లకు 50 అని విడివిడిగా వేస్తే 150. మధ్యాహ్నం ఆఫీసు 60, దుకాణాలు 28, ఇళ్లు 25 అనుకుంటే 113. రాత్రికి ఇళ్లవే మిగులుతాయి. కాబట్టి 113 చాలు, కాకపోతే ఆ చోటును పేరుపేరునా అమ్మకూడదని షరతు పెట్టాలి. నంబరు రాసి అమ్మేసిన చోటును ఇంకొకరితో పంచుకోవడం జరగని పని. అమెరికాలోని బఫెలో నగరం 2017లో కనీస పార్కింగ్ నియమాన్నే ఎత్తేసింది. అదే ఏడాది మెక్సికో సిటీ కనీసాన్ని తీసి గరిష్ఠం పెట్టింది. మీరూ ఆ దారిలో వెళ్లవచ్చు, కానీ ముందు వీధి అంచున గంటల పరిమితో రుసుమో అమల్లో ఉండాలి. లేకపోతే కార్లన్నీ పక్క ఇళ్ల సందుల్లోకి పోతాయి, ఆరు నెలల్లో పాత నియమమే తెమ్మని జనం కౌన్సిల్ ముందు కూర్చుంటారు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో దుకాణాలే ఉండాలని ప్రాంతమంతటా తప్పనిసరి చేయడం నా దృష్టిలో అతి పెద్ద పొరపాటు. కొనేవాళ్లు పెరగరు, షట్టర్లు పెరుగుతాయి. అద్దెకు పోని షట్టర్ల వరస వీధిని చంపేస్తుంది. జనం నడిచే ప్రధాన వీధికీ మూల స్థలాలకూ మాత్రమే తప్పనిసరి చేయండి. మిగతా చోట వాడకం వదిలేసి ఆకారం అడగండి: గ్రౌండ్ ఫ్లోర్ ఎత్తు కనీసం 4.2 మీటర్లు, ఫుట్‌పాత్‌తో సమానంగా మెట్టు లేని గుమ్మం. ఇవాళ అందులో ఇల్లుండనీయండి, గిరాకీ వచ్చినప్పుడు దుకాణం అవుతుంది. 3 మీటర్ల ఎత్తులో కట్టింది మళ్లీ పెరగదు.

తప్పనిసరి చేసిన చోట దుకాణం లోతు కూడా రాయాలి. రాయకపోతే ముందు 4 మీటర్ల లోతు గదులు కట్టి వెనకంతా పార్కింగ్ చేస్తారు. 12 మీటర్లకు తక్కువైతే సరుకు నిల్వకూ టాయిలెట్‌కూ చోటుండదు.

బిల్డింగ్‌కు వీధి వైపు వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్) విషయంలో పాత అలవాటు తిరగేయండి. "కనీసం ఇంత వదలాలి" అని కాకుండా వీధి అంచున ఒక గీత చూపి "ముఖంలో 75 శాతం ఈ గీత మీదకు రావాలి" అనండి. వదిలిన 6 మీటర్లు ఎప్పుడూ తోట అవదు, బైకుల స్టాండు అవుతుంది.

వాడకాల పట్టికను పొడిగించకండి. ఇళ్లనూ వ్యాపారాలనూ వేరు చేసే పద్ధతి అమెరికాలో యూక్లిడ్ అనే ఊరి జోనింగ్‌ను సమర్థిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1926లో బలపడింది. ఫ్యాక్టరీ పొగ, చప్పుడు ఇళ్లకు తగలకూడదన్నది అప్పటి బెంగల్లో ఒకటి. జపాన్ పద్ధతి మీకు ఎక్కువ పనికొస్తుంది: ఒక్కో జోన్‌లో ఎంత ఇబ్బంది వరకు భరించవచ్చో చెబుతారు, అంతకంటే తక్కువ ఇబ్బంది పెట్టేవి చాలామటుకు చెల్లుతాయి. పరిశ్రమలకే కేటాయించిన జోన్ తప్ప మిగతా అన్నింట్లో ఇళ్లు కట్టుకోవచ్చు. మీరూ నిషేధించేవి మాత్రం రాయండి: పెట్రోల్ బంకు, వాహనాల రిపేరు, గోదాము, కారు దిగకుండానే కొనుక్కుపోయే డ్రైవ్‌త్రూ. వాటికి తోడు రాత్రి చప్పుడుకు డెసిబెల్ పరిమితి.

పైన ఇళ్లుంటే కింద హోటల్ వల్ల గొడవలొస్తాయి. వంటగది పొగ గొట్టం పైకప్పు దాటి పోవాలి. దానికి షాఫ్ట్ (అన్ని అంతస్తుల గుండా పైకి పోయే నిలువు ఖాళీ) ప్లాన్‌లోనే వదలకపోతే తర్వాత ప్రతి అంతస్తు స్లాబు కోయాలి, పై ఇంటివాళ్లు ఒప్పుకోరు. షాఫ్ట్, వంటగది నీళ్లలోని జిడ్డును ఆపే గ్రీజు ట్రాప్, చెత్తకు వేరే గది, ఇళ్లకు వేరే గుమ్మం, వేరే మెట్లు, సరుకు దించే చోటు — ఇవి ప్లాన్ ఆమోదానికి షరతులుగా ఉండాలి.

ఇక ఎఫ్‌ఏఆర్. కట్టిన బిల్డింగ్ విలువ 100 అనుకోండి. నిర్మాణానికి 55, ఫీజులు, డిజైన్‌కు 10, వడ్డీకి 8, కట్టేవాడి లాభం 15 పోతే స్థలానికి 12 మిగులుతుంది. ఇప్పుడున్న దుకాణాల అద్దెను బట్టి ఆ స్థలం 18 పలుకుతుంటే యజమాని ఎందుకు కదులుతాడు? అంతస్తులు పెంచితే తేడా పూడుతుంది, కానీ హైరైజ్ అగ్నిమాపక నియమాలు మొదలయ్యే ఎత్తు దగ్గర ఖర్చు ఒక్కసారిగా ఎగబాకుతుంది: రెండో మెట్లు, పంపులు, ట్యాంకు. ఆ గీత దాటి ఒక్క అంతస్తే ఇస్తే ఎవరూ కట్టరు. గీత లోపలే ఆపండి, లేదా దాటితే నాలుగైదు అంతస్తులివ్వండి.

డ్రైనేజీ లెక్క కూడా అప్పుడే వేయించండి. 300 ఇళ్లు, ఇంటికి ముగ్గురు, మనిషికి 150 లీటర్లు అంటే రోజుకు 1,35,000 లీటర్లు, అందులో 80 శాతం తిరిగి మురుగులోకి. మీ వీధి పైపు దీన్ని మోయవచ్చు. నాలుగు వీధులు కలిసే దిగువ మ్యాన్‌హోల్ వానాకాలంలో మోస్తుందా అన్నది చూడాలి.

చివరగా, అమలు తేదీ. ఆ తేదీకి ముందు వచ్చిన దరఖాస్తులకు పాత నియమం అని వదిలేస్తే చివరి నెలలో పాత పద్ధతి ప్లాన్లు కుప్పలుగా దాఖలవుతాయి. వాటికి అనుమతి వచ్చాక ఏడాదిలోగా పునాది పడాలని గడువు పెట్టండి. ఉన్న దుకాణాలు కొత్త నియమానికి సరిపోకపోయినా నడవచ్చని, అగ్నిప్రమాదం జరిగితే అదే కొలతల్లో తిరిగి కట్టుకోవచ్చని స్పష్టంగా రాయండి. ఆ మాట లేకపోతే అప్పిచ్చేవాళ్లు ఆ స్థలాలను తాకట్టు పెట్టుకోవడానికి వెనకాడతారు.