టెక్ సందేహాలు: డింకీ అని చెప్పి కత్తి కట్టుకు రావొద్దు

"అన్నా, ఎమ్యులేటర్లో సేవ్ స్టేట్లు పెట్టుకుని మారియో ఆడి వీడియో అప్‌లోడ్ చేశాను. టూల్స్ వాడానని డిస్క్రిప్షన్లో రాశాను కూడా. అయినా కాలేజీ గ్రూపులో అందరూ చీటర్ చీటర్ అంటున్నారు. నేను చేసింది చీటింగా?" అని అమలాపురం నుంచి ఒక బీటెక్ తమ్ముడు అడిగాడు.

ఇదే గొడవ మీద మెయిల్స్ వస్తూనే ఉన్నాయి, ఒకసారి రాజోలు, ఒకసారి తణుకు, ఊరు మారుతుంది తప్ప గొడవ మారట్లేదు. అందుకని ఈ వారం కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ప్రింటర్‌కి వైఫై కనెక్ట్ అవ్వట్లేదన్న వాళ్ళు వచ్చే వారం దాకా ఓపిక పట్టండి.

కొత్తవాళ్ళకి ఒక్క మాట: ఎమ్యులేటర్ అంటే పాత గేమ్ డబ్బాలా నటిస్తూ ఆ గేమ్‌ని కంప్యూటర్లో నడిపే సాఫ్ట్‌వేర్, సేవ్ స్టేట్ అంటే ఆటని ఏ క్షణాన కావాలంటే అక్కడ దాచుకుని, మళ్ళీ అక్కణ్ణుంచే ఆడటం. తమ్ముడూ, నువ్వు ఆడిన పద్ధతిలో తప్పేం లేదు, పెట్టిన టైటిల్లో ఉంది. నీ లింకు ఓపెన్ చేసి చూశా. టైటిల్లో "వరల్డ్ రికార్డ్", పక్కన మంటల ఎమోజీలు, థంబ్‌నెయిల్లో నోరు తెరుచుకుని నీ ఫొటో. టూల్స్ సంగతి ఎక్కడుందయ్యా అంటే డిస్క్రిప్షన్లో, ఇన్‌స్టా లింకు కింద, టెలిగ్రామ్ లింకు కింద, హ్యాష్‌ట్యాగుల గుంపులో "టాస్" అని ఒక్క ముక్క, అంటే టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, టూల్స్ సాయంతో ఆటని వీలైనంత త్వరగా ముగించడం. ఫోన్లో చూసేవాడు 'మోర్' నొక్కితే గానీ అది కనపడదు, ఎవడు నొక్కుతాడు చెప్పు. సంక్రాంతికి బరుల దగ్గర నిలబడ్డ ఎవర్నడిగినా చెప్తారు (కోర్టులు వద్దన్నాయి, ఆ సంగతి వేరే), కత్తి పందెం వేరు, కత్తి కట్టని డింకీ పందెం వేరు, రెండిటికీ జనం ఉంటారు, రెండిటి మీదా డబ్బులు కాస్తారు, కానీ డింకీ అని చెప్పి కోడి కాలికి కత్తి కట్టుకొస్తే మాత్రం ఊరుకోరు. నీ ఫ్రెండ్స్ కోపం కూడా అదే.

ఈ గొడవ నీతో మొదలవ్వలేదులే. 1999లోనే డూమ్ గేమ్ వాళ్ళు, ఆటని స్లో చేసి రికార్డు చేసిన డెమోలకి 'టూల్ అసిస్టెడ్' అని పేరు పెట్టి వేరే పేజీలో పెట్టుకున్నారు. అసలు రచ్చ 2003లో. మోరిమోటో అనే జపాన్ ఆయన సూపర్ మారియో బ్రదర్స్ 3 ని పదకొండు నిమిషాల్లో ముగించిన వీడియో నెట్ అంతా తిరిగింది, చూసినవాళ్ళు దేవుడ్రా బాబూ అనుకున్నారు, తర్వాత అది ఎమ్యులేటర్లో నలభై వేలకి పైగా రీరికార్డులతో, అంటే వెనక్కెళ్ళి మళ్ళీ ఆడుతూ, కుట్టిన వీడియో అని తెలిసేసరికి అదే జనం మోసం అని ఎగిరారు. ఆయన దాచలేదు పాపం, ఎలా చేశాడో తన పేజీలో రాసుకున్నాడు, కానీ పేజీ అక్కడే ఉండిపోయింది, వీడియో ఒక్కటే ఊరు మీద పడింది. ఆ ఏడాది చివర్లోనే బిస్క్విట్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ ఇలాంటి వీడియోల కోసం ఒక సైట్ మొదలుపెట్టాడు, ఇవాళ్టి టాస్‌వీడియోస్ అదే. అక్కడ వీడియో మొదట్లోనే ఇది టూల్స్‌తో చేసిన రికార్డింగ్ అని తెర మీద కనపడుతుంది.

నువ్వూ అదే చెయ్యి. డిస్క్రిప్షన్ని నమ్ముకోవద్దు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన రోజున డిస్క్రిప్షన్ రాదు, టైటిల్ రాదు, వీడియో ఒక్కటే వస్తుంది. అందుకే లేబుల్ వీడియో లోపలే ఉండాలి, మొదట్లో అయిదారు సెకన్లు తెలుగులో పెద్దక్షరాలతో, తర్వాత మూలన చిన్నగా చివరి దాకా. ఊరికే "టూల్స్ వాడాను" కాదు, ఏం వాడావో రాయి: సేవ్ స్టేట్లా, స్లో మోషనా, ఫ్రేమ్ ఫ్రేమ్ (తెర మీద ఒక్కో బొమ్మ చొప్పున) కదిపావా, స్క్రిప్టు నడిపావా, రెండు మూడు రికార్డింగులు అతికించావా. అతికించిన దానికీ టాస్‌కీ చాలా తేడా ఉంది. టాస్ అంటే మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా ఏ బటన్ ఎప్పుడు నొక్కారో రాసిన ఒకే ఇన్‌పుట్ ఫైలు, ఎవరైనా తమ ఎమ్యులేటర్లో వేసుకుంటే అచ్చు అలాగే నడవాలి. అతికిన వీడియోకి అలాంటి ఫైలు ఉండదు.

ఇంకోటి, మనుషుల రికార్డు పక్కన నీ టైమ్ పెట్టకు. ఎమ్యులేటర్లో ఎడమ కుడి బటన్లు ఒకేసారి నొక్కొచ్చు, అసలు కంట్రోలర్ మీద ఆ ప్లస్ గుర్తు బటన్ ఒకేసారి రెండు వైపులకీ వంగదు, చేత్తో ఆడే పోటీల్లో అందుకే దాన్ని ఒప్పుకోరు. పైగా మొదటి సూపర్ మారియోలో 2021లోనే చేత్తో ఆడినవాళ్ళు 4 నిమిషాల 55 సెకన్ల లోపుకి వచ్చేశారు, టూల్స్ టైమ్‌కీ దానికీ తేడా ఒక్క సెకను కూడా లేదు. కంటితో చూసి ఇది అది అని ఎవడూ చెప్పలేడు, నువ్వు చెప్తేనే తెలుస్తుంది.

ఇక భీమవరం నుంచి: "సార్, మా టెక్ ఫెస్ట్‌లో స్పీడ్‌రన్ పోటీ పెట్టి వీడియోలు పంపమన్నాం. ఒక ఎంట్రీ మరీ పర్ఫెక్ట్‌గా ఉంది. ఇద్దరు జడ్జిలు ఓకే అన్నారు, ఒకాయన ఇది టూల్స్ పనే అంటున్నారు. క్యాష్ ప్రైజ్ ఉంది. ఎలా తేల్చాలి?"

మీ పోస్టర్ కూడా పంపారు, చూశాను. రిజిస్ట్రేషన్ ఫీజు ఉంది, క్యూఆర్ కోడ్ ఉంది, బిర్యానీ స్టాల్ ఉంది, ఏ ఎమ్యులేటర్, సేవ్ స్టేట్ ఒప్పుకుంటారా లేదా, టైమర్ ఎక్కడ మొదలు ఎక్కడ ఆఖరు, ఒక్క ముక్క లేదు. రూల్ రాయకుండా ఇప్పుడు వాడు రూల్ తప్పాడంటే వాడు ఒప్పుకోవాలా? ముందు పిల్లాణ్ణి పిలిచి ఎదురుగా ఆడమనండి. అంతే టైమ్ రావక్కర్లేదు, ఆ నేర్పు చేతిలో ఉందా లేదా అరగంటలో తెలిసిపోతుంది.

రాడు, కుదరదు అంటే అప్పుడు లెక్కలోకి దిగండి. మీ గేమ్ మొదటి సూపర్ మారియో కాబట్టి మీ అదృష్టం, అందులో ఒక గమ్మత్తుంది. అమెరికన్ వెర్షన్లో లెవెల్ అయిపోయాక తర్వాతి లెవెల్‌కి పంపాలా వద్దా అని గేమ్ ప్రతి ఫ్రేమ్‌కీ చూడదు, 21 ఫ్రేములకోసారి చూస్తుంది, అంటే సుమారు 0.35 సెకను. నువ్వు అయిదు ఫ్రేములు ముందొచ్చినా ఆ గేటు తెరిచేదాకా నిలబడాల్సిందే. కాబట్టి రెండు రన్నులు పక్కపక్కన పెట్టి పవర్ ఆన్ నుంచి లెక్కేస్తే, లెవెల్స్ మారే చోట తేడా 21, 42, 63 ఇలా రావాలి, చివరి లెవెల్ 8-4 కి మాత్రం ఈ గేటు లేదు. మధ్యలో ఎక్కడో తేడా 9 ఫ్రేములో 13 ఫ్రేములో వచ్చిందంటే అక్కడ అతుకు ఉందేమో చూడండి. సెకనుకి 30 ఫ్రేముల ఫోన్ రికార్డింగ్‌తో ఈ లెక్క తేలదు, 60 కావాలి. చిన్నప్పటి క్యాసెట్ గేమ్ డబ్బా మీద ఆడిన టైములు కూడా కలపకండి, మన టీవీల పాల్ సిస్టమ్ సెకనుకి 50, ఆ లెక్కే వేరు.

ఇది అతుకుని పట్టిస్తుంది గానీ టూల్‌ని పట్టించదు, శుభ్రంగా చేసిన టాస్ ఈ పరీక్ష హాయిగా పాసైపోతుంది. అందుకే నేను మొదట్నుంచీ మొత్తుకునేది, వీడియో అడక్కండి, ఇన్‌పుట్ ఫైలు అడగండి, దాంతో పాటు చేతులు కనపడేలా ఇంకో కెమెరా. టాస్‌వీడియోస్ జడ్జీలు కూడా వీడియో చూసి తల ఊపరు, ఫైలుని ఎమ్యులేటర్లో నడిపి చూస్తారు. ట్రాక్‌మేనియా అనే కార్ రేసు గేమ్‌లో 2021లో పాత రికార్డులు చాలా కూలిపోయింది ఇలాగే. ఆ గేమ్ రీప్లే ఫైల్లో ఏ క్షణాన ఏ నొక్కు పడిందో ఉంటుంది, గేమ్‌ని స్లో చేసి ఆడినవాళ్ళ ఫైళ్ళలో, మామూలు వేగానికి తెచ్చాక, మనిషి వేళ్ళకి సాధ్యం కానన్ని చిన్న చిన్న స్టీరింగ్ నొక్కులు కనపడ్డాయి. వీడియోలో మాత్రం కారు పువ్వులా వెళ్ళిపోతోంది.

ఇంకా తమాషా డయాబ్లో అనే గేమ్‌ది. 2009 నాటి 3 నిమిషాల 12 సెకన్ల రికార్డు ఒకటి ఏళ్ళ తరబడి నిలబడింది. దాన్ని మించుదామని టూల్స్ వాళ్ళే కూర్చుని, గేమ్ తయారు చేయగల డంజియన్లు (నేలమాళిగ దారులు) 220 కోట్ల దాకా వెతికితే ఆ వీడియోలో ఉన్నవన్నీ ఏ ఒక్క ఆటలోనూ కలిసి రావట్లేదని తేలింది. స్పీడ్ డెమోస్ ఆర్కైవ్ అనే రికార్డుల సైట్ 2025లో దాన్ని తీసేసింది. నేను మొదట్నుంచీ ముక్కలు ముక్కలుగా ఆడిందనే చెప్పానుగా అని ఆ రన్నర్ వాదన. ముక్కలుగా ఆడటం ఆ సైట్‌లో ఒప్పుకున్న పద్ధతే, అయితే ఆ ముక్కలన్నీ ఒకే ఆటలోవేనా అన్నదే తగువు. చూశారా, పదహారేళ్ళ తర్వాత కూడా తగువు లేబుల్ దగ్గరే. మీరు మాత్రం తేలేదాకా ఆ పిల్లాడి పేరు గ్రూపుల్లో పెట్టకండి, కాలేజీలో చీటర్ అన్న ముద్ర పడితే ఫైనలియర్ దాకా పోదు.

కాకినాడ నుంచి ఒకరు కొత్త గేమింగ్ కీబోర్డు కొని, "ఎడమ, కుడి కీలు రెండూ నొక్కినా చివర నొక్కిందే తీసుకునే ఆప్షన్ వచ్చింది, ఇది వాడితే నా రన్ టాస్ అయిపోతుందా" అంటున్నారు. టాస్ అయిపోదు, కానీ చాలా పోటీల్లో కొట్టేస్తారు. కౌంటర్ స్ట్రైక్ 2 వాళ్ళు 2024 ఆగస్టులో ఈ ఆప్షన్ వాడేవాళ్ళని తమ సర్వర్ల నుంచి బయటికి పంపడం మొదలెట్టారు. వేలు చేయాల్సిన పని కీబోర్డు చేస్తుంటే దాన్ని పెట్టె మీద నైపుణ్యం అని అచ్చేసి అమ్మడం నాకు అస్సలు నచ్చదు. అంతకన్నా ఒళ్ళుమండేది ఈ కీబోర్డుల సాఫ్ట్‌వేర్. లైట్ల రంగు మార్చడానికి అడ్మిన్ పర్మిషన్, లాగిన్, స్టార్టప్‌లో చోటు, దానంతటదే అప్‌డేట్! కీబోర్డుకి లాగిన్ ఏంటండీ అసలు?

అసలు నాకు నిద్ర పట్టనివ్వని మెయిల్ ఇది, పాలకొల్లు నుంచి: "అయ్యా, నాకు రొయ్యల చెరువులున్నాయండి, మేత డబ్బులు, సీడు డబ్బులు అన్నీ ఫోన్లోనే వేస్తాను. మావాడు పోటీ అంటూ నా ఫోన్లో ఆటో క్లిక్కరని ఒకటి టెలిగ్రామ్ నుంచి దించాడు. యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటే చేశాడంటండి. ఆయ్, ఏవైనా ప్రమాదమాండీ? వీడికి హ్యాకింగ్ పిచ్చి పట్టిందేమోనని మా ఆవిడ భయం."

ప్రమాదమేనండి. ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి ఆ యాప్ ఆఫ్ చేయండి, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో ఉంటే అక్కడా తీసేయండి, నోటిఫికేషన్ యాక్సెస్, ఎస్సెమ్మెస్ పర్మిషన్ చూడండి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో స్టార్ట్ చేసి తీయండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ ఆ ఫోన్లో మార్చకండి, అది చూస్తూ ఉండొచ్చు. మీ సిమ్ ఇంట్లో ఇంకో ఫోన్లో వేసి మార్చండి, లేదా బ్రాంచికి వెళ్ళి చెప్పండి. స్టేట్‌మెంట్ చూడండి, తెలియని డెబిట్ ఒక్కటున్నా వెంటనే 1930కి ఫోన్ చేయండి. వీలైతే ఫొటోలు దించుకుని ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేసేయడమే మేలు.

ఎందుకింత కంగారంటే, యాక్సెసిబిలిటీ అనేది చూపు లేనివాళ్ళకి తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు సరిగా పనిచేయని వాళ్ళ బదులు నొక్కడానికి పెట్టిన ఏర్పాటు. ఆ పర్మిషన్ ఉన్న యాప్ మీ తెర చదవగలదు, మీ బదులు నొక్కగలదు, వచ్చిన ఓటీపీ చూడగలదు. నిజమైన ఆటో క్లిక్కర్‌కి (తనంతట తానే తెర నొక్కే యాప్) కూడా అదే పర్మిషన్ కావాలి, చిక్కంతా అక్కడే ఉంది, అడిగింది న్యాయంగానే కనపడుతుంది, మంచిదో దొంగదో అడిగే తీరులో తెలీదు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో తిరిగే దొంగ ఏపీకేల్లోనూ చాలావాటికి ఈ పర్మిషన్ మీదే కన్ను. 2022లో ఆండ్రాయిడ్ 13 తో బయటనుంచి దించిన యాప్‌లకి ఈ పర్మిషన్ తేలిగ్గా దొరక్కుండా అడ్డం పెట్టారు, సంతోషం, కానీ ఆ అడ్డం తీసే ఆప్షన్ కూడా మూడు చుక్కల వెనకాలే పెట్టారు, దాన్ని ఎలా తీయాలో తెలుగులోనే వీడియోలున్నాయి, పిల్లలు అది చూసి రెండు నిమిషాల్లో తీసేస్తున్నారు. గేటుకి తాళం వేసి తాళంచెవి గేటుకే తగిలించినవాణ్ణి ఏమనాలి? కొన్ని బ్యాంకు యాప్‌లు ఇలాంటివి ఆన్‌లో ఉంటే ఓపెన్ కావు, అప్పుడు మనవాళ్ళు తిట్టేది బ్యాంకుని.

కంప్యూటర్లో ఆడేవాళ్ళకీ ఇదే మాట. "ట్రైనర్ (గేమ్‌లో చీటింగ్ చేయించే ప్రోగ్రామ్) రన్ అవ్వాలంటే యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని రాసి ఉన్న ఫైలు ముట్టుకోవద్దు. ఎవరో ఇచ్చిన లువా స్క్రిప్టు (ఎమ్యులేటర్‌ని నడిపించే చిన్న ప్రోగ్రామ్) ఎమ్యులేటర్లో వేసే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, అది మారియోని గెంతించడమే కాదు, కొన్ని ఎమ్యులేటర్లలో మీ ఫైళ్ళు కూడా తెరవగలదు.

మీ ఆవిడ గారికి చెప్పండి, మీవాడికి పట్టింది హ్యాకింగ్ పిచ్చి కాదు, తొందర. నిజంగా ఆ సరదా ఉంటే ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో బిజ్‌హాక్ లాంటి ఎమ్యులేటర్ దాని సొంత పేజీ నుంచి దించుకుని ఫ్రేమ్ ఫ్రేమ్ కదుపుకుంటూ ఆడుకోమనండి, 2014లో టాస్‌బాట్ అనే రోబో కంట్రోలర్ పోర్టుల్లోంచి నొక్కులు మాత్రమే పంపి సూపర్ మారియో వరల్డ్ లోపల పాంగ్, స్నేక్ ఆటలు నడిపించింది, అలాంటివి అర్థం చేసుకునే దారి అదే. మీ లావాదేవీల ఫోన్ మాత్రం వాడికి ఇవ్వకండి. ఇది చదివేలోపు పిన్ మార్చారా లేదా? ముందు ఆ పని చూడండి.