ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి యూఎస్‌బీ 3.0 చాలా, థండర్‌బోల్ట్ కావాలా?

పెళ్లి వీడియోలు, ఫొటోలు దాచుకోవడానికి 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనాలి, యూఎస్‌బీ 3.0 తీసుకోవాలా, టైప్-సి తీసుకోవాలా, థండర్‌బోల్టా (యూఎస్‌బీ కన్నా వేగంగా పనిచేసే, ఖరీదైన కనెక్షన్) అని అడిగారు. లోపల తిరిగే డిస్క్ ఉన్నదైతే 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు) యూఎస్‌బీ, అంటే 3.0 తీసుకోండి. అంతకు మించి పెట్టే డబ్బు దండగ.

జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్క్ సెకనుకు సుమారు 100–140 ఎంబీ ఇస్తుంది. 5 జీబీపీఎస్ యూఎస్‌బీలో 400 ఎంబీ పైనే పడుతుంది. బోరులో రెండంగుళాల నీళ్లే వస్తుంటే ఆరంగుళాల పైపు వేసి ఏం లాభం? యూఎస్‌బీ 2.0 జోలికి మాత్రం పోవద్దు. దాంట్లో 30–40 ఎంబీకి మించదు కాబట్టి 500 జీబీ ఎక్కడానికి నాలుగు గంటలు పడుతుంది. అదే డిస్క్ 3.0లో గంటా పది నిమిషాల్లో ముగిస్తుంది.

అట్టపెట్టె మీది పేర్లతో తికమకపడకండి. 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకటే, 5 జీబీపీఎస్. పేరు వదిలేసి ఆ అంకె చూడండి. టైప్-సి అన్నది మూతి ఆకారమే, దాన్నిబట్టి స్పీడు తెలియదు. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుల్స్‌లో చాలావాటికి లోపల 2.0 తీగలే ఉంటాయి. డిస్క్‌తో ఇచ్చిన కేబులే వాడండి. వెడల్పు మూతి ఉన్న పాత రకం డిస్క్‌లకు మామూలు మైక్రో యూఎస్‌బీ కేబుల్ కూడా సగంలో చక్కగా పడుతుంది, పనీ చేస్తుంది, కానీ 2.0 స్పీడులో.

ఎక్కువ గొడవలు కరెంటు దగ్గరే వస్తాయి. 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలి. డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది. చాలకపోతే టిక్ టిక్ మంటుంది, కనబడి మాయమవుతుంది. డిస్క్ పోయిందనుకుని భయపడే ముందు హబ్బు, పొడుగు కేబుల్, సీపీయూ ముందువైపు పోర్టు మానేసి, వెనకవైపు పోర్టుకి పొట్టి కేబుల్‌తో పెట్టి చూడండి. 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టుల అడాప్టర్ వేరే ఉంటుంది. కాపీ మధ్యలో కరెంటు పోతే రాస్తున్న ఫైళ్లు పాడవుతాయి కాబట్టి దాన్ని యూపీఎస్‌కే తగిలించండి. (3.0 డిస్క్ పక్కనే వైర్‌లెస్ మౌస్ డాంగిల్ ఉంటే మౌస్ తడబడొచ్చు. మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ 3.0 కనెక్షన్ చేసే రేడియో రొద వల్ల అలా జరుగుతుంది. డాంగిల్‌ని దూరంగా పెట్టండి.)

కొనేది ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లతో పనిచేసేది) అయితే 10 జీబీపీఎస్‌ది చూడండి. 20 అని రాసి ఉన్న 2x2 రకానికి తొందరపడకండి. చాలా మ్యాక్‌లలో అది 10కే పడిపోతుంది, పీసీల్లోనూ ఆ పోర్టు తక్కువ. వీడియోని డిస్క్ మీదే పెట్టి ఎడిట్ చేసేవాళ్లకి, అదీ లోపల ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) ఉంటేనే, థండర్‌బోల్ట్ ఖర్చు గిట్టుబాటవుతుంది.

కొన్నాక 20 జీబీ ఫైల్ ఒక్కటి ఎక్కించి చూడండి. మొదటినుంచీ 40 ఎంబీ దాటకపోతే ఎక్కడో 2.0 దూరింది, కేబులో పోర్టో మార్చండి. 120తో మొదలై కాసేపటికి బాగా పడిపోతే కేబుల్ తప్పు కాదు. ట్రాకుల్ని ఒకదానిమీదొకటి పేర్చి రాసే ఎస్‌ఎంఆర్ రకం డిస్క్‌లు పెద్ద కాపీలప్పుడు అలాగే నీరసిస్తాయి.