ఇంటి తెర మీద పాత సినిమాలు

ప్రశ్న: ఇంట్లో వరుసగా పాత సినిమాలు చూస్తున్నాను. కొన్ని కట్టిపడేశాయి, గొప్పవని పేరున్న మరికొన్ని విసుగు పుట్టించాయి. లోపం సినిమాదా, చిన్న తెరదా? మీ అభిప్రాయం చెప్పగలరా?

జవాబు: ఇది సినిమాను బట్టి మారుతుందని నా నమ్మకం. సిడ్నీ ల్యూమెట్ 1957లో తీసిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ దాదాపుగా ఒకే గదిలో, పన్నెండు మంది జ్యూరీ సభ్యుల వాదోపవాదాలతోనే సాగుతుంది. కథ ముందుకు నడిచే కొద్దీ ల్యూమెట్ కెమెరాను కిందికి దించుతూ, గోడలు దగ్గరవుతున్నట్లు అనిపించే లెన్సులను వాడటం వల్ల ఆ ఉక్కపోత ఇంటి తెర మీద కూడా ఏమాత్రం తగ్గలేదు; నిజానికి ఆ ముఖాలను అంత దగ్గరగా, ఏకాంతంగా చూడటమే నాకు ఎక్కువ నచ్చింది. అదే ఏడాది వచ్చిన ‘మాయాబజార్’ కూడా అంతే, మాటల కోసం వెనక్కి తిప్పి మళ్లీ వినే వీలు ఇంట్లోనే ఉంటుంది.

డేవిడ్ లీన్ ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962) సంగతి వేరు. డెబ్బై ఎం.ఎం. కోసం చిత్రీకరించిన ఆ ఎడారిలో, ఎండమావుల్లోంచి ఒమర్ షరీఫ్ చిన్న చుక్కలా మొదలై మెల్లగా దగ్గరయ్యే దృశ్యం చిన్న తెర మీద సగం ప్రాణం కోల్పోతుంది. మీకు విసుగు పుట్టించినవి ఇలాంటివే అయితే, వాటిపై తీర్పును పెద్ద తెర మీద చూసే అవకాశం దొరికేదాకా వాయిదా వేయండి.